సుద్దనేలల్లో పాత పొలాల జాడలు: చరిత్రపూర్వ, రోమన్ కాలపు ఇంగ్లండ్ సేద్యంపై తరచుగా అడిగే ప్రశ్నలు

స్టోన్‌హెంజ్ చూడడానికి వెళ్లినవాళ్లు ఆ రాళ్ల ముందు ఫొటో దిగి, బస్సెక్కి తిరిగి వచ్చేస్తారు. అక్కడికి కొద్ది మైళ్ల దూరంలో, గడ్డి కప్పిన వాలుల మీద, మూడు వేల ఏళ్ల కిందట రైతులు దున్నిన మళ్లు గట్లతో సహా మిగిలి ఉన్నాయని వారికి చెప్పేవారుండరు. నాకు ఆ గట్లంటేనే ఎక్కువ మక్కువ. పెద్ద రాళ్లు ఎత్తించిన పెత్తందార్ల సంగతి చెప్పడానికి చాలా పుస్తకాలున్నాయి. ఏటా దున్ని, విత్తి, కోసి ఊరికి తిండి పెట్టిన మనుషుల చేతిరాత మాత్రం ఆ నేల మీదే ఉంది, ఒక్క ట్రాక్టరు దుక్కితో చెరిగిపోయేంత పలచగా. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారికి, పాత సేద్యం మీద ఆసక్తి ఉన్న పాఠకులకు తరచుగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

ఇది ఏ ప్రాంతం గురించి, ఏ కాలం గురించి?

ముఖ్యంగా దక్షిణ ఇంగ్లండ్‌లోని సుద్దనేలల గురించి. విల్ట్‌షైర్, హాంప్‌షైర్, డోర్సెట్, బర్క్‌షైర్, ససెక్స్ కౌంటీల్లో ఈ నేలలు విస్తారంగా ఉన్నాయి. పైన పలచటి మట్టి, కింద తెల్లటి సుద్ద. నీరు త్వరగా ఇంకుతుంది, తేలికపాటి నాగలికి నేల లొంగుతుంది. తొలి రైతులు ఇక్కడ స్థిరపడడానికి అదొక ప్రధాన కారణం.

గోధుమ, బార్లీ, ఆవులు, గొర్రెలు సముద్రం దాటి బ్రిటన్ చేరింది క్రీ.పూ. 4000 ప్రాంతంలో. గట్లతో హద్దులేర్పడిన పొలాలు విరివిగా కనిపించేది మాత్రం కంచు యుగం మధ్య నుంచి, అంటే క్రీ.పూ. 1500 తరవాత. క్రీ.పూ. 800 ప్రాంతంలో ఇనుప యుగం మొదలైంది. క్రీ.శ. 43లో రోమన్ సైన్యం దిగింది, 410 ప్రాంతంలో రోమన్ పాలన ముగిసింది. మొత్తం మీద దాదాపు నాలుగున్నర వేల ఏళ్ల సేద్యం ఇది.

పచ్చికలో పాత పొలం గట్టును ఎలా గుర్తుపట్టాలి?

వాలు నేలను ఏటా దున్నుతుంటే మట్టి కొంచెం కొంచెంగా కిందికి జారుతుంది. మడి దిగువ అంచున కంచె గానీ, దున్నకుండా వదిలిన గడ్డి పట్టీ గానీ, ఏరి పడేసిన రాళ్ల వరుస గానీ ఉంటే జారిన మట్టి అక్కడ ఆగి పేరుకుంటుంది. ఎగువ అంచున నేల కోసుకుపోతుంది. కొన్ని తరాలు గడిచేసరికి పై మడికీ కింది మడికీ మధ్య ఒక మెట్టు తయారవుతుంది. పురావస్తు శాస్త్రజ్ఞులు దీన్ని లించెట్ అంటారు. పనిగట్టుకుని ఎవరూ కట్టింది కాదు, దున్నిన ప్రతిసారీ కాస్త పెరిగింది. విల్ట్‌షైర్‌లోని ఏవ్‌బరీ ఊరి దగ్గరి ఫైఫీల్డ్ డౌన్‌లో ఇలాంటి మెట్లు కొన్నిచోట్ల మనిషి ఎత్తును మించి ఉన్నాయి. అంత మట్టి పేరుకోవాలంటే ఎన్ని దుక్కులు సాగి ఉండాలో ఆలోచించండి.

మెట్టును అడ్డంగా కోసి చూస్తే అడుగున తెల్లటి సుద్ద, దాని మీద బూడిద రంగు కలిసిన గోధుమవన్నె మట్టి మందంగా కనిపిస్తుంది. ఆ మట్టిలో బఠాణీ గింజంత సుద్ద ముక్కలుంటాయి. వాటి మధ్య వేలిగోరంత కుండపెంకులు దొరుకుతాయి. నాగలి తగిలి తగిలి వాటి అంచులు గుండ్రంగా అరిగిపోయి ఉంటాయి. ఇంటి పక్క గోతిలో పడి పూడుకున్న పెంకు అంచు మాత్రం పదునుగా ఉంటుంది. ఈ తేడా చేతితో తడిమితే తెలిసిపోతుంది. అరిగిన పెంకు దొరికిందంటే ఆ మట్టి చాలాకాలం దున్నబడిందని అర్థం.

మళ్లు అంత చిన్నగా, దాదాపు చతురస్రాకారంలో ఎందుకున్నాయి?

నాగలి వల్ల. ఆనాటి నాగలి మన కర్ర నాగలి లాంటిదే. మట్టిని చీల్చేదే తప్ప తిరగవేసేది కాదు. ఒకవైపు మాత్రమే దున్నితే చాళ్ల మధ్య నేల మిగిలిపోతుంది కాబట్టి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి దున్నాలి. రెండు వైపులా తిరగాల్సి వచ్చినప్పుడు చతురస్రపు మడే అనువు. చాలా మళ్లు అర ఎకరం నుంచి ఎకరంన్నర దాకా ఉంటాయి. ఒక జత ఎడ్లతో ఒక మనిషి ఒకట్రెండు రోజుల్లో ముగించగల పని.

ఇది ఊహ కాదు. ఏవ్‌బరీ దగ్గర సౌత్ స్ట్రీట్ అనే చోట ఒక నవీన శిలాయుగపు పొడవాటి సమాధి దిబ్బను 1960ల్లో తవ్వినప్పుడు, దాని అడుగున సుద్దలోకి దిగిన నాగటి గీతలు నిలువూ అడ్డమూ గళ్లుగా బయటపడ్డాయి. దిబ్బ వాటిని కప్పి కాపాడింది. అయిదు వేల ఏళ్లకు పైబడిన గీతలవి. బంగారు నగ కన్నా ఆ గళ్ల గీతలు నన్ను ఎక్కువగా కదిలిస్తాయి. ఒక రైతు ఒక చాలు ముగించి, ఎడ్లను తిప్పి, ఇంకో చాలు మొదలుపెట్టిన చోటు అక్కడ కనబడుతుంది.

పటాల్లో వీటిని 'సెల్టిక్ పొలాలు' అని రాస్తారు. సెల్టులవేనా?

పేరును బట్టి అలా అనుకోనక్కరలేదు. దాన్ని 1920ల్లో పురావస్తు శాస్త్రజ్ఞుడు ఓ.జి.ఎస్. క్రాఫర్డ్ వాడుకలోకి తెచ్చారు. రోమన్ పాలన ముగిశాక స్థిరపడిన సాక్సన్ల రాకకు ముందువని చెప్పడమే ఆయన ఉద్దేశం. కంచు యుగంలో పుట్టి రోమన్ కాలం దాకా దున్నబడిన పొలాలన్నిటికీ ఆ పేరు స్థిరపడిపోయింది.

మధ్యయుగపు పొలాలతో పొరబడకుండా ఉండేదెలా?

ఇంగ్లండ్ పల్లెల్లో ఎక్కువగా కనబడేవి మధ్యయుగపు జాడలే. బరువైన నాగలితో ఒకే దిశలో దున్నడం వల్ల ఏర్పడిన పొడవాటి బోదెలవి. పక్కపక్కనే అలల్లా ఉండి, పైనుంచి చూస్తే తిరగబడ్డ ఎస్ అక్షరంలా కాస్త వంపు తిరుగుతాయి. ఎనిమిది ఎడ్ల జట్టును చివర తిప్పడానికి ముందునుంచే ఒరగాల్సి వచ్చేది, అందుకే ఆ వంపు. కొండవాలు మీద పొడవాటి మెట్ల వరుస కనిపిస్తే అదీ ఎక్కువగా మధ్యయుగానిదే. చిన్న గళ్లు ఉంటే పాతవని, పొడవు పట్టీలు ఉంటే తరవాతివని మొదటి చూపుకు అనుకోవచ్చు. అయితే ఒకే వాలు మీద రెండూ ఒకదానిపై ఒకటి ఉన్న చోట్లు చాలా ఉన్నాయి.

వాటి వయసు ఎలా తేలుస్తారు?

ఒక్క ఆధారంతో తేల్చరు. మెట్టు అడుగు పొరలోని పెంకు ఏ కాలానిదో చూస్తారు. ఏది దేన్ని కోస్తూ పోయిందో చూస్తారు. సాలిస్‌బరీ మైదానంలోనూ హాంప్‌షైర్‌లోనూ కంచు యుగం చివర్లో తవ్విన మైళ్ల పొడవు హద్దు కందకాలు అంతకుముందున్న మళ్లను లెక్కచేయకుండా అడ్డంగా కోసుకుపోయాయి. అంటే ఆ మళ్లు కందకం కన్నా పాతవి, కందకం తవ్వేనాటికి అక్కడ వాటి అక్కర తీరిపోయింది. మాడిన గింజ దొరికితే రేడియోకార్బన్ పరీక్ష చేస్తారు. మట్టిలోని ఇసుక రేణువు చివరిసారి ఎప్పుడు వెలుతురు చూసిందో కొలిచే పద్ధతి కూడా ఇప్పుడు వచ్చింది.

నత్తగుల్లలు కూడా సాక్ష్యం చెబుతాయి. సుద్దనేలలో పుప్పొడి నిలవదు, నత్తగుల్లలు మాత్రం చెక్కుచెదరవు. నీడను కోరే నత్తలు ఒక పొరలో, ఎండ తగిలే గడ్డిలో బతికే నత్తలు పై పొరలో ఉంటే, ఆ రెండింటి నడుమ అడవి నరికారని తెలుస్తుంది. జాన్ ఎవాన్స్ అనే పరిశోధకుడు ఈ పద్ధతిని అభివృద్ధి చేశారు. సౌత్ స్ట్రీట్ దిబ్బ తవ్వకమూ ఆయనదే.

మట్టి గట్లు వేల ఏళ్లు ఎలా నిలిచాయి? వానలకు కరిగిపోవా?

ఈ సంగతి తెలుసుకోవడానికే 1960లో, ఫైఫీల్డ్ డౌన్ పక్కనే ఉన్న ఓవర్టన్ డౌన్‌లో కొత్తగా ఒక కట్టను, పక్కన కందకాన్ని కట్టారు. లోపల బట్ట, తోలు, కర్ర, ఎముక లాంటివి పాతిపెట్టారు. 2, 4, 8, 16, 32, 64, 128 ఏళ్లకు ఒక్కో ముక్క కోసి చూడాలన్నది ప్రణాళిక. మొదలుపెట్టినవారిలో ఎవరూ చివరి కోత చూడలేరని తెలిసీ మొదలుపెట్టిన పని అది. తేలిందేమిటంటే, మార్పంతా మొదటి కొన్నేళ్లలోనే జరుగుతుంది. కందకం అంచులు విరిగి అడుగున పడతాయి, ఆ తరవాత గడ్డి పట్టేస్తుంది. గడ్డి పట్టాక గట్టు దాదాపు అలాగే ఉండిపోతుంది. దాన్ని చెరిపేది వాన కాదు, దుక్కి.

పైకి ఏమీ కనిపించని చదును పొలంలో జాడలు ఎలా పట్టుకుంటారు?

ఆకాశం నుంచి. పూడిపోయిన కందకంలో మట్టి లోతుగా, తేమగా ఉంటుంది. దాని మీద పెరిగిన పైరు ఏపుగా, ఎక్కువకాలం పచ్చగా ఉంటుంది. పాతిపడిన రాతిగోడ మీది పైరు ముందే ఎండి పసుపు రంగుకు తిరుగుతుంది. నేల మీద నిలబడితే తెలియని ఈ రంగుల తేడా విమానం నుంచి చూస్తే గీసిన పటంలా కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వైమానిక ఛాయాచిత్రాలతో పనిచేసిన క్రాఫర్డ్, 1920లో బ్రిటిష్ సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వేకి తొలి పురావస్తు అధికారి అయ్యారు. వైమానిక దళం తీసిన ఫొటోల్లో హాంప్‌షైర్, విల్ట్‌షైర్ కొండల మీది పొలాల గళ్లను గుర్తించి, వాటిని పరిశోధనాంశంగా నిలబెట్టింది ఆయనే.

కరవు సంవత్సరం రైతుకు చేటు, ఈ పరిశోధనకు మాత్రం పంట. 1976 కరవులోను, 2018 వేసవి ఎండల్లోను అంతకుముందు ఎవరికీ తెలియని స్థలాలెన్నో ఇలా బయటపడ్డాయి. ఇప్పుడు లైడార్ వచ్చింది. విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి నేల ఎత్తుపల్లాలు కొలుస్తారు. చెట్ల సందుల్లోంచి దిగిన కిరణాలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే అడవి కింద దాగిన గట్లు కూడా తేలతాయి.

ఏ పంటలు వేశారో ఎలా తెలుస్తుంది?

మాడిన గింజల వల్ల. పచ్చి గింజ కుళ్లిపోతుంది, నిప్పులో పడి బొగ్గయిన గింజ వేల ఏళ్లు ఉంటుంది. తవ్విన మట్టిని నీళ్లలో కలిపితే బొగ్గు గింజలు తేలుతాయి. వాటిని సన్నజల్లెడతో పట్టి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. నవీన శిలాయుగంలో ఎమ్మర్ గోధుమ, బార్లీ. కంచు యుగం నుంచి స్పెల్ట్ అనే మరో గోధుమ వచ్చి, ఇనుప యుగంలోను, రోమన్ కాలంలోను దక్షిణ ఇంగ్లండ్‌కు ప్రధాన పంట అయింది. ఈ రెండు గోధుమలకూ పొట్టు గింజను గట్టిగా పట్టుకుని ఉంటుంది, కళ్లంలో కొడితే ఊడదు. అందుకే పొట్టు ముక్కలు కూడా పెద్ద మొత్తంలో దొరుకుతాయి.

గింజలకన్నా కలుపు విత్తనాలు ఎక్కువ కబుర్లు చెబుతాయి. గాలియం జాతి కలుపు విత్తనాలు ఎక్కువగా ఉంటే పంటను శీతకాలానికి ముందే విత్తారని అర్థం. ఘాటు వాసన వేసే ఒక రకం చామంతి కలుపు బరువైన బంకనేలల్లో పెరుగుతుంది. రోమన్ కాలపు మాడిన గింజల్లో దాని విత్తనాలు ఎక్కువవుతాయి. అంటే తేలిక నేలలు చాలక, అంతకుముందు వదిలేసిన బరువు నేలల మీదికి కూడా సేద్యం పాకిందన్నమాట.

సేద్యం వచ్చినప్పటి నుంచి ఆగకుండా సాగిందా?

సాగలేదనే వాదనకే నేను మొగ్గుతాను. క్రిస్ స్టీవెన్స్, డోరియన్ ఫుల్లర్ అనే పరిశోధకులు 2012లో బ్రిటన్ అంతటా దొరికిన గింజల తేదీలను పోల్చి చూశారు. మొదటి కొన్ని శతాబ్దాల తరవాత ధాన్యం బాగా తగ్గి, హేజెల్ కాయల లాంటి అడవి ఆహారం, పశువుల మీద ఆధారం పెరిగిందని, కంచు యుగం మధ్యలో గాని సేద్యం మళ్లీ గట్టిగా పుంజుకోలేదని వారు తేల్చారు. గట్ల పొలాలు విరివిగా కనిపించే కాలమూ అదే కావడం గమనించాలి. ఒకసారి నేర్చిన సేద్యాన్ని మనిషి వదిలిపెట్టడన్న నమ్మకాన్ని ఇది కదిలించింది.

ధాన్యాన్ని ఎక్కడ దాచారు?

పాతరల్లో. ఇనుప యుగపు ఊళ్లలో సుద్దలోకి తవ్విన లోతైన గోతులు కోకొల్లలు. నోరు ఇరుకుగా, అడుగు వెడల్పుగా ఉంటాయి. చాలాకాలం వీటిని మనుషులు కాపురమున్న గుంత ఇళ్లనుకున్నారు. నాజీ ప్రభుత్వం ఉద్యోగం తీసేసిన జర్మన్ పురావస్తు శాస్త్రజ్ఞుడు గెర్‌హార్డ్ బెర్సు, 1938-39లో సాలిస్‌బరీ దగ్గర లిటిల్ వుడ్‌బరీలో తవ్వకం జరిపి, ఆ అభిప్రాయాన్ని తిరగరాశారు. రాటలు పాతిన గుంతల వరుసను బట్టి మనుషులు పెద్ద గుండ్రటి కర్ర ఇళ్లలో ఉన్నారని, గోతులు ధాన్యానివని ఆయన చూపించారు. గోతుల్లో బతికిన అనాగరికులనుకున్నవాళ్లు ఆ ఒక్క తవ్వకంతో పొలమూ గరిసే ఉన్న సంసారులయ్యారు. యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ను ఐల్ ఆఫ్ మాన్‌లో నిర్బంధిస్తే, అక్కడా తవ్వకాలు చేస్తూనే ఉన్నారు.

తడి నేలలో గింజ బూజు పట్టదా అన్నది సహజమైన సందేహం. 1972లో హాంప్‌షైర్‌లో మొదలైన బట్సర్ ప్రయోగాత్మక వ్యవసాయ క్షేత్రంలో పీటర్ రేనాల్డ్స్ ఆ పాతరలను మళ్లీ తవ్వి, గింజ పోసి, నోటికి బంకమట్టి మెత్తి చూశారు. గోడలకు, మూతకు ఆనుకున్న కొద్దిపాటి గింజ తేమకు మొలకెత్తుతుంది. మొలకెత్తేటప్పుడు లోపలి ఆక్సిజన్‌ను పీల్చేసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. గాలి ఆడకపోవడంతో మిగతా గింజ నిద్రాణంగా ఉండిపోతుంది. వసంతంలో తెరిస్తే తినడానికీ, విత్తడానికీ పనికొచ్చింది. మూత తీశాక మాత్రం గాలి సోకుతుంది కాబట్టి మొత్తం ఒకేసారి వాడాలి. అందువల్ల ఇవి ఎక్కువగా విత్తనాల పాతరలై ఉంటాయన్న వాదన నాకు సబబుగా తోస్తుంది.

బారీ కన్‌లిఫ్ 1969 నుంచి 1988 దాకా తవ్విన డేన్‌బరీ కొండకోటలో ఇలాంటి పాతరలు వేలల్లో ఉన్నాయి. పని తీరిన పాతరల అడుగున గుర్రపు తలలు, కుక్కలు, కొన్నిచోట్ల మనుషుల అస్థికలు కూడా ఉంచారు. విత్తనాన్ని కాపాడిన భూమికి మొక్కు తీర్చుకోవడమని కన్‌లిఫ్ భావించారు.

పశువుల జాడలు కూడా ఉంటాయా?

ఉంటాయి. పీటర్‌బరో దగ్గరి ఫెన్‌గేట్‌లో ఫ్రాన్సిస్ ప్రయర్ బయటపెట్టిన కంచు యుగపు పొలాలు దాదాపుగా పశువుల కోసమే. రెండు కందకాల మధ్య డొంకలు, డొంక చివర మందను విడదీయడానికి ఇరుకు దారులు, దొడ్లు. గొర్రెలు కాసిన అనుభవం ఆయనకు ఉండబట్టి ఆ ఇరుకు దారుల ఉపయోగం తెలిసిందని నా నమ్మకం. నైరుతిన డార్ట్‌మూర్‌లో కంచు యుగపు రాతి గట్లు కొండలు, లోయలు దాటుకుంటూ కిలోమీటర్ల కొద్దీ సూటిగా పోతాయి. 1970ల్లో ఆండ్రూ ఫ్లెమింగ్ వాటిని పరిశీలించి, ఇవి ఒక పద్ధతి ప్రకారం పంచుకున్న భూమి హద్దులని చెప్పారు.

రోమన్లు వచ్చాక పొలాలు మారిపోయాయా?

గట్లు పెద్దగా మారలేదు. చాలాచోట్ల ఇనుప యుగపు మళ్లనే రోమన్ కాలంలోనూ దున్నారు. మారింది పంట ఎవరికి పోతుందన్నది. సైన్యానికి, పట్టణాలకు తిండి కావాలి, పన్ను కట్టాలి. స్థానికులను మూసిన గాదెల ముందు పడిగాపులు కాయించి ధాన్యం కొనిపించేవారని, దగ్గర్లో దండు ఉన్నా దూరపు దండుకు ధాన్యం చేర్చమనేవారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆయన స్వయంగా బ్రిటన్ గవర్నరు అగ్రికోలా అల్లుడు, మామగారే ఆ అన్యాయాన్ని ఆపాడని చెప్పుకున్నాడు. క్రీ.శ. 359 ప్రాంతంలో చక్రవర్తి కాబోయే జూలియన్ బ్రిటన్ ధాన్యాన్ని ఓడల మీద రైన్ నదీతీరానికి తెప్పించాడు.

పనిముట్లు మెరుగయ్యాయి. నాగలికి పెద్ద ఇనుప కర్రు, ముందుగా గడ్డిని కోసే ఇనుప కత్తి, ఎండుగడ్డి కోయడానికి పొడవాటి కొడవళ్లు వచ్చాయి. పశువుల ఎముకలు క్రమంగా పెద్దవయ్యాయి. చెర్రీ, వాల్‌నట్ లాంటి చెట్లు చేరాయి. కొత్తిమీర మాత్రం రోమన్ సైన్యం కన్నా ముందే వచ్చింది: హాంప్‌షైర్‌లోని సిల్చెస్టర్‌లో రెడింగ్ విశ్వవిద్యాలయం తవ్విన ఇనుప యుగపు పొరల్లో ధనియాలు, ఒక ఆలివ్ గింజ దొరికాయి. ఇక ఉత్తరాన విండొలాండా కోటలో 1973 నుంచి బయటపడుతున్న చెక్క రేకుల ఉత్తరాల్లో, మన మలబారు తీరం నుంచి వెళ్లిన మిరియాలు కొన్న లెక్క కూడా ఉంది.

రోమన్లతో వచ్చిన ఇంకో అతిథి ముక్కుపురుగు. అంతకుముందు బ్రిటన్‌లో ధాన్యపు పురుగుల జాడ లేదు. గాలి ఆడని పాతరల్లో అవి బతకవు, నేల మీద కట్టిన పెద్ద గాదెలు వాటికి పండగ. యార్క్‌లో నది ఒడ్డున ఒక రోమన్ గోదాము అడుగున చచ్చిన పురుగుల పొర కనిపించింది. గోదామును పడగొట్టి, ఆ పొరను బంకమట్టితో మందంగా కప్పేసి, పైన కొత్త గోదాము కట్టుకున్నారు. రోమన్ కాలపు పరిపాలన అనగానే నాకు రోడ్లు, స్నానశాలల కన్నా ముందు ఆ బంకమట్టి పొర గుర్తొస్తుంది.

రోమన్ కాలపు రైతులంతా మొజాయిక్ నేలల విల్లాల్లో ఉండేవారా?

లేదు, ఈ అపోహ పోవాలని నా కోరిక. విల్లాలు, అంటే సంపన్నుల పల్లె భవనాలు, అందంగా ఉంటాయి కాబట్టి ముందుగా తవ్వారు. ససెక్స్‌లోని బిగ్నర్ విల్లా 1811లో ఒక రైతు పొలం దున్నుతుండగా నాగలికి తగిలింది. చెడ్‌వర్త్ విల్లా 1864లో బయటపడింది. 1990లో వచ్చిన ప్రణాళికా నిబంధనల వల్ల రోడ్లు, ఇళ్లు కట్టేముందు తవ్వకాలు జరపడం మామూలైంది. అలా తేలిన దాదాపు 2,500 గ్రామీణ స్థలాల వివరాలను రెడింగ్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో ఒకచోట చేర్చి చూస్తే, విల్లాలు చిన్న మైనారిటీ అని, ఎక్కువమంది మామూలు కమతాల్లో, కర్ర ఇళ్లలో బతికారని స్పష్టమైంది. సాలిస్‌బరీ మైదానంలోని చిజెన్‌బరీ వారెన్‌లో అలాంటి ఊరు ఇప్పటికీ గడ్డి కింద ఉంది. ఊరి వీధి, దాని పొడవునా ఇళ్ల అరుగుల వరుస, ఇళ్ల వెనక నుంచి మొదలయ్యే మళ్లు. అక్కడ మొజాయిక్ ముక్క ఒక్కటి లేదు. అయినా రోమన్ బ్రిటన్‌ను చూడదలిచినవారిని నేను ముందుగా పంపేది అక్కడికే.

'ధాన్యం ఆరబెట్టే పొయ్యిలు' అంటే ఏమిటి?

రోమన్ కాలపు పొలాల పక్కన తరచుగా దొరికే నిర్మాణాలు. ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో పొగదారి, ఒక చివర మంట పెట్టే గుంత, పైన గింజ పరిచే నేల. తడి వాతావరణంలో గింజ ఆరబెట్టడానికే అనుకున్నారు. రేనాల్డ్స్ ఒకదాన్ని కట్టి మంట పెట్టి చూసి, ఆరబెట్టడానికి ఇది అంత పనికిరాదని, మొలకెత్తించిన గింజను వేడి చేసి బీరుకు సిద్ధం చేయడానికి బాగా కుదురుతుందని చెప్పారు. కొన్ని పొయ్యిల్లో మొలకలతో మాడిన స్పెల్ట్ గింజలు దొరకడం ఆయన మాటకు బలం. రెండు పనులకూ వాడి ఉంటారన్నది ఇప్పటి సాధారణ అభిప్రాయం. బీరుకు గిరాకీ అయితే తక్కువేమీ కాదు. విండొలాండా ఉత్తరాల్లో మాస్క్లస్ అనే అధికారి తన సైనికులకు బీరు అయిపోయిందని, పంపించమని పై అధికారిని కోరుతాడు.

ఇళ్లు లేని పొలం మధ్యలో పెంకులు ఎందుకుంటాయి?

ఎరువు వల్ల. ఇంటి చెత్త, బూడిద, పగిలిన కుండలు పెంటకుప్ప మీదికి చేరతాయి. పెంటను బండ్ల మీద తోలి పొలంలో చల్లినప్పుడు పెంకులూ వెళతాయి. పేడ కుళ్లిపోతుంది, పెంకులు మిగులుతాయి. దున్నిన పొలాల్లో వరుసలుగా నడుస్తూ పెంకులు ఏరి లెక్కపెడితే, ఊరికి దగ్గర ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా కనిపిస్తాయి. ఏ మళ్లకు ఎరువు వేశారో, వేటిని మేతకు వదిలేశారో ఆ లెక్కే చెబుతుంది.

మన తెలుగు నేల మీద ఇలాంటి జాడలు ఉన్నాయా?

ఉన్నాయి, మరో రూపంలో. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్వారు. అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డి అని, పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చడం వల్ల దిబ్బ ఏర్పడిందని చూపించారు. దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు, పొరల్లో పశువుల గిట్టల ముద్రలు దొరికాయి. అనంతపురం జిల్లా పాలవాయిలో, కర్ణాటకలోని బళ్లారి, రాయచూరు వైపు ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పైన చెప్పిన డోరియన్ ఫుల్లర్ దక్షిణ దక్కను స్థలాల మట్టిని కూడా నీళ్లలో తేల్చి ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు నవీన శిలాయుగం నాటికే ఇక్కడి ప్రధాన పంటలని తేల్చారు.

ఇంగ్లండ్‌లో ఈ గట్లు కొన్నిచోట్లే ఎందుకు మిగిలాయి?

రెండో ప్రపంచ యుద్ధంలో ఆహారం కోసం చాలా పచ్చికలను దున్నారు. తరవాత పెద్ద ట్రాక్టర్లు, రసాయన ఎరువులు వచ్చి పలచటి సుద్దనేలలను కూడా ధాన్యపు పొలాలు చేశాయి. క్రాఫర్డ్ ఫొటోల్లో ఉన్న గళ్లు చాలావరకు ఇప్పుడు నేల మీద లేవు. మిగిలినవాటిలో గొప్ప భాగం సైనిక శిక్షణ భూమిలో ఉంది. 1897 నుంచి సైన్యం కొనుక్కుంటూ వచ్చిన సాలిస్‌బరీ మైదానం దాదాపు 38,000 హెక్టార్లు. అక్కడ ఫిరంగులు పేలాయి గాని లోపలి భాగాన్ని ఎవరూ దున్నలేదు. తిండి పండించాల్సిన రైతును నేను తప్పుపట్టను. అయితే రక్షిత జాబితాలో ఉన్న స్థలాల్లో సైతం పాత దుక్కిని కొనసాగించడానికి చట్టం వీలు ఇవ్వడం మాత్రం సరికాదు. ప్రతి దుక్కీ అడుగున ఉన్న సుద్దను మరికాస్త గీకేస్తుంది.

చూడాలంటే ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలి?

ఫైఫీల్డ్ డౌన్, దాని పక్కనే ఓవర్టన్ డౌన్. ఏవ్‌బరీ నుంచి నడిచి వెళ్లవచ్చు. డేన్‌బరీ కొండకోట అందరికీ తెరిచే ఉంటుంది. బట్సర్‌లో గుండ్రటి ఇళ్లు, రోమన్ విల్లా నమూనా, పాతకాలపు పంటలు చూడవచ్చు. పిల్లలకు అదే బాగా నచ్చుతుంది. సాలిస్‌బరీ మైదానంలో ఎర్ర జెండా ఎగురుతుంటే లోపలికి వెళ్లకూడదు. మిగతా రోజుల్లోనూ అనుమతించిన దారి విడిచి నడవవద్దు, నేల మీద కనిపించే లోహపు వస్తువును తాకవద్దు. పేలని గుండ్లు ఉంటాయి.

శీతకాలపు సాయంత్రం అన్నిటికన్నా మంచిది. సూర్యుడు కిందికి దిగి ఏటవాలుగా వెలుగు పడినప్పుడు, మధ్యాహ్నం చదునుగా కనిపించిన వాలు మీద గట్లన్నీ నీడలు చాస్తాయి. పలచగా మంచు పడిన రోజు కూడా అలాగే. నిండు వేసవి మధ్యాహ్నం వెళ్లి ఏమీ కనబడలేదని నిరాశపడకండి.

ఇల్లు కదలకుండా చూసే వీలుందా?

ఉంది. ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ తన లైడార్ కొలతలను ఉచితంగా అందుబాటులో ఉంచింది. హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ వైమానిక ఫొటోల నుంచి గుర్తించిన జాడలను అంతర్జాలంలో పటంగా పెట్టింది. హైదరాబాద్‌లో కూర్చుని చిజెన్‌బరీ వారెన్ వీధిని, దాని వెనక మళ్లను గుర్తుపట్టవచ్చు. మొదట ఫైఫీల్డ్ డౌన్‌తో మొదలుపెట్టండి, అక్కడ గళ్లు స్పష్టంగా ఉంటాయి.

నడుస్తుంటే పెంకు గాని, నాణెం గాని దొరికితే?

రక్షిత స్థలమైతే దేన్నీ కదపవద్దు. అనుమతి లేకుండా లోహశోధక యంత్రం వాడడం అక్కడ నేరం. మిగతాచోట్ల భూమి యజమాని అనుమతి తప్పనిసరి. 1996 నాటి నిధి చట్టం ప్రకారం బంగారం, వెండి వస్తువులు, నాణేల రాశులు దొరికితే 14 రోజుల్లో కరోనర్ అనే విచారణాధికారికి తెలియజేయాలి. మామూలు పెంకునైనా స్థానికంగా వస్తువులు నమోదు చేసే అధికారికి చూపించవచ్చు. ఆ నమోదు పథకం 1997 నుంచి నడుస్తోంది, రుసుము లేదు. చూపించేటప్పుడు వస్తువుతో పాటు అది దొరికిన చోటును పటంలో ఖచ్చితంగా గుర్తించి ఇవ్వండి. అరిగిన పెంకు ముక్క ఏ మడిలో, ఏ అంచున దొరికిందో రాసి ఉంటే అది ఆ పొలం చరిత్రలో చేరుతుంది. చోటు తెలియకపోతే దాని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.